పాగల్ బండికి ప్రార్థన

మొన్న పొద్దున మేడం గారి పిల్లల్ని బడిలో దింపి వస్తుంటే, అజ్మాన్ ఇండస్ట్రియల్ ఏరియా మలుపు దగ్గర రౌండెబౌట్‌లో నా ముందున్న కారు ఆగిపోయింది. నెత్తిన డ్రైవింగ్ స్కూలు బోర్డు ఉంది. స్టీరింగ్ దగ్గర జుట్టు నెరిసిన పెద్దాయన, పక్కన నేర్పేవాడు. ఎడమవైపు నుంచి బళ్ళు వస్తూనే ఉన్నాయి. మధ్యలో సందు దొరికినా ఆయన కదలడం లేదు. రెండు చేతులతో స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, మెడ ముందుకు చాచి, అలాగే చూస్తున్నాడు. వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి. నా వెనక పికప్‌లో ఉన్నవాడు కిటికీలోంచి తల బయటపెట్టి నన్ను కూడా కలిపి తిట్టాడు. మామూలుగా అయితే అందరికంటే ముందు హారన్ కొట్టే మనిషిని నేను. ఓపిక అనేది నా ఒంట్లో లేదని మా అమ్మ ఎప్పుడూ అంటుంది. ఆ పూట మాత్రం హారన్ మీద చెయ్యి వెయ్యలేకపోయాను. జాలి అనుకునేరు, సిగ్గు. రత్నం మామయ్య గుర్తొచ్చాడు. ఆయన గ్యారేజీ రోజులు గుర్తొస్తే నాకు ఇప్పటికీ తల కొట్టేసినట్టు అవుతుంది.

రత్నం మామయ్య మా అమ్మకి అన్న. నాకు ఊహ తెలిసేసరికే ఆయన దుబాయ్‌లో ఉన్నాడు. కోనసీమలో మా ఊరివాళ్ళకి అజ్మాన్ అయినా షార్జా అయినా అన్నీ దుబాయే. నేను ఇళ్ళల్లో పని చెయ్యడానికి వచ్చిన కొద్ది రోజులకే కరోనా వచ్చి అన్నీ మూతపడ్డాయి. నన్ను పెట్టుకున్న ఇంటివాళ్ళు వాళ్ళ దేశానికి వెళ్ళిపోతూ, నన్నూ నా సూట్‌కేసునీ మామయ్య ఉండే బిల్డింగ్ ముందు దింపేసి పోయారు. అది మూడు గదుల ఫ్లాటు. ఒక గదిలో మామయ్య, ఇంకో ముగ్గురు మగవాళ్ళు. ఒక గదిలో భీమవరం వైపు కుటుంబం. మూడో గదిలో మావైపు ఆడవాళ్ళు నలుగురు ఉంటే, మామయ్య వాళ్ళని బతిమాలి నన్ను ఐదోదాన్ని చేశాడు. గ్యారేజీలో ఆయనకే సగం పని లేని రోజులవి. అయినా నేను తింటున్న అన్నం గురించి ఒక్క మాట అనలేదు, ఎవర్నీ అననివ్వలేదు.

వంటిల్లు ఒక్కటే కాబట్టి వంతులు. మామయ్య వంతు సాయంత్రం వచ్చేది. ఆయన డెంటర్, అంటే సొట్టలు పడిన కార్ల రేకుల్ని సుత్తితో కొట్టి మళ్ళీ మామూలు చేసేవాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమల నిండా తెల్లగా పుట్టీ పొడి ఉండేది. సబ్బు పొడిలో పంచదార కలిపి చేతులు రుద్దుకునేవాడు గానీ, ఎంత రుద్దినా థిన్నర్ వాసన పోయేది కాదు. ఆ చేతులతోనే ఎండు నెత్తళ్ళ చేపలు వేయించేవాడు. ఆ వాసనకి పై అంతస్తువాళ్ళు వాచ్‌మన్‌కి ఫోన్ చేస్తారని కిటికీ మూసి, తలుపు కింద తడి తువ్వాలు కుక్కి, దొంగతనం చేస్తున్నవాడిలా వేయించేవాడు. తినేముందు చేసే ప్రార్థన ఎంత పొడుగంటే, ఊళ్ళో ఉన్నవాళ్ళందరి పేర్లూ అయ్యేసరికి కూర చల్లారిపోయేది. గురువారం సాయంత్రం తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించేవాడు. అప్పట్లో ఇక్కడ శుక్రవారమే సెలవు, అందుకని మావాళ్ళ ఆరాధన కూడా శుక్రవారమే జరిగేది. చర్చిలో ఆయన మాటంటే అందరికీ గౌరవం. ఆరాధన అయ్యాక అన్నం పొట్లాలు కట్టించుకుని సోనాపూర్ లేబర్ క్యాంపుల గేటు దగ్గర మనవాళ్ళకి పంచి, సాయంత్రానికి ఇంటికి చేరేవాడు.

ఆయన పని చేసే గ్యారేజీ వెనక కాస్త ఇసక స్థలం ఉంది. అక్కడ టార్పాలిన్ కింద ఒక బండి ఏళ్ళ తరబడి పడి ఉండేది. ఎవరో అరబ్ కుర్రాడు ఎప్పుడో అమెరికా నుంచి తెప్పించిన పాత పికప్ అది. దాని నెత్తి కోయించి పొట్టి చేయించాడు, ముందు చక్రాల మీది రేకులు పీకించాడు, ఒంటికి మించిన ఇంజన్ పెట్టించాడు. ఇలాంటివాటిని హాట్ రాడ్ అంటారని నాకు తర్వాత తెలిసింది. గ్యారేజీలో అందరూ దాన్ని పాగల్ గాడీ, అంటే పిచ్చి బండి, అనేవారు. మామయ్య ఉత్త ‘పాగల్’ అనేవాడు. దాని రేకు పనంతా మామయ్యదే. పని సగంలో ఉండగా ఆ కుర్రాడికి పెళ్ళయింది, మోజు తీరింది. “ఖలాస్ రత్నం, నువ్వే ఉంచుకో” అని తాళం చేతిలో పెట్టి వెళ్ళిపోయాడట. కాగితాలు మాత్రం అతని పేరు మీదే ఉండిపోయాయి.

మామయ్యకి లైసెన్సు ఉందని చర్చిలో పిల్లలకి కూడా తెలుసు. మరి కారెందుకు కొనవు అని ఎవరైనా అడిగితే “పాగల్ ఉందిగా, అది బాగవ్వనీండి, మిమ్మల్నందర్నీ ఎక్కించుకుంటాను” అనేవాడు. ఊరి నుంచి అత్తయ్య ఫోన్ చేస్తే ఒక్కోసారి “డ్రైవింగ్‌లో ఉన్నాను, తర్వాత మాట్లాడతా” అని పెట్టేసేవాడు. గ్యారేజీ బండి నడుపుతున్నాడేమో అనుకునేదాన్ని. బస్సులో మాత్రం ఎప్పుడూ ముందుకెళ్ళి, డ్రైవర్ చేతుల వైపే చూస్తూ నిలబడేవాడు. గ్యారేజీలో బళ్ళని ముందుకీ వెనక్కీ ఎంత ఒడుపుగా తిప్పేవాడో చూశాను గానీ, గేటు దాటించాల్సి వస్తే ఇంకొకరికి తాళం ఇచ్చేవాడని గమనించలేదు. ఇవన్నీ నా కళ్ళ ముందే జరిగాయి. చూసే కళ్ళు నాకు లేకపోయాయి.

లాక్‌డౌన్ సడలాక నాకు ఇప్పటి మేడం గారింట్లో పని దొరికింది. పిల్లల్ని దింపడానికి ఆడ డ్రైవర్ ఉంటే బాగుంటుందని ఆవిడే నన్ను డ్రైవింగ్ స్కూల్లో చేర్పించింది. మొదటిసారి ఫెయిలయ్యాను, రెండోసారి పాసయ్యాను. ఇక నా సంబరం చూడాలి. మా చర్చిలో ఏ మేలు జరిగినా లేచి అందరి ముందూ చెప్పుకోవడం ఉంది, దాన్ని సాక్ష్యం అంటారు. ఆ శుక్రవారం మాస్కు కిందికి లాగి మరీ చెప్పాను. “మా మామయ్య మీద కృప చూపించిన దేవుడు నామీదా చూపించాడు” అని ఆయన్ని కూడా కలిపి పొగిడాను. అందరికీ లడ్డూలు పంచాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ వింటుండగా, “మామయ్యా, ఇంతకీ నువ్వెన్నోసారికి పాసయ్యేవు?” అని అడిగాను. ఆయన తలెత్తకుండా “కూర చల్లారిపోతంది, తినవే” అన్నాడు. లడ్డూ మాత్రం కంచం పక్కనే ఉండిపోయింది. ఆడపిల్ల తొందరగా పాసయిందని చిన్నతనంగా ఉందేమో అనుకుని లోలోపల నవ్వుకున్నాను కూడా.

ఆ తర్వాత కొన్నాళ్ళకి సువార్త అత్తయ్య వస్తోందన్న కబురు వచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఇక్కడికి రావడం అదే మొదలు. పిల్ల పెళ్ళి అయిపోయింది, ఇంక ఒక్కసారి నువ్వుండే చోటు చూస్తానని పట్టుబట్టి విజిట్ వీసా వేయించుకుంది. అప్పుడు పుట్టింది నాకు ఆ బుద్ధి. పాగల్ని బాగుచేయించి, అత్తయ్య వచ్చాక పాస్టరు గారితో దానిమీద ప్రార్థన చేయించి, మామయ్య చేతికి తాళం ఇవ్వాలని. కష్టకాలంలో అన్నం పెట్టినందుకు బదులు తీర్చుకుంటున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. అందరూ నన్ను చూసి నోళ్ళు వెళ్ళబెట్టాలన్న కోరిక కూడా అంతే నిజం.

గ్యారేజీలో కరీం చాచా అని ఎలక్ట్రీషియన్ ఉండేవాడు, పాకిస్తానీ ముసలాయన. విషయం చెబితే గడ్డం గోక్కున్నాడు.

“రత్నం సే పూఛా?” అన్నాడు.

“సర్‌ప్రైజ్ చాచా. ఆయనకి చెబితే ఇంకేం సర్‌ప్రైజ్?”

“బేటీ, ఇత్నే సాల్ సే ఖడీ హై. కోయీ వజహ్ హోగీ.”

ఇన్నేళ్ళుగా ఊరికే నిలబెట్టాడంటే ఏదో కారణం ఉంటుందని ఆయన అంటే, బద్ధకమే కారణం అని కొట్టిపారేశాను. చాచాకి కూడా ఆ ఇంజన్ చప్పుడు వినాలని ఎప్పట్నుంచో ఆశ ఉన్నట్టుంది. ఎక్కువ బతిమాలించుకోకుండా ఒప్పుకున్నాడు. అలా ఆ చలికాలమంతా శుక్రవారాలు మామయ్య ఆరాధనకి వెళ్ళగానే నేను గ్యారేజీకి వెళ్ళేదాన్ని. మేడం సెలవు ఇవ్వడం లేదని చర్చిలో అందరికీ అబద్ధం చెప్పాను. పాపం, ఆ అమ్మాయి చేత సెలవు రోజున కూడా పని చేయిస్తున్నారని నాకోసం ప్రార్థన చేశారట. అది విని కూడా నాకు చీమ కుట్టినట్టయినా లేదు.

టార్పాలిన్ తీసిన మొదటి రోజు సీటు మీద పిల్లి ఈనిన గుర్తులు, అరచేతి మందాన ఇసక కనిపించాయి. ట్యాంకులో పెట్రోలు పాతబడి, మురిగిన వార్నిష్ వాసన కొట్టింది. ట్యాంకు విప్పి, గులకరాళ్ళు పోసి, చెరోవైపు పట్టుకుని పసిపిల్లని ఊపినట్టు ఊపి ఊపి తుప్పు రాల్చాం. కార్బురేటర్ ముక్కలన్నీ నేను బిర్యానీకని కొన్న కొత్త పళ్ళెంలో పరిచి, పాత టూత్‌బ్రష్‌తో తోమాను. ఆ పళ్ళెం మళ్ళీ వంటింటి మొహం చూడలేదు. టైర్లు, బ్యాటరీ, బ్రేకులు ఒక్కోటీ చాచా తనకి తెలిసినవాళ్ళ దగ్గర సంపాదించాడు. రేకు పని మాత్రం ముట్టుకోవాల్సిన అవసరమే రాలేదు. మామయ్య కొట్టిన ఆ వంపుల మీద కళ్ళు మూసుకుని చెయ్యి పోనిస్తే ఎక్కడా అతుకు తగిలేది కాదు. దానిమీద ఎర్ర రంగు వేయించాను. పగటిపూట మామయ్య ఆ స్థలానికి యాభై అడుగుల దూరంలోనే పని చేసేవాడు గానీ, వెనక్కి మాత్రం వచ్చేవాడే కాదు. మాకు అదే మేలయింది. ఎందుకు రాడో అని నేను ఆలోచించలేదు.

చివరికి చాచా ఆ అరబ్ యజమానికి ఫోన్ చేశాడు. అతను ఇప్పుడు పిల్లల తండ్రి. విని పడీ పడీ నవ్వి, తన పేరు మీదే బండిని టెస్టులో పాస్ చేయించి, కొత్త ముల్కియా, అంటే రిజిస్ట్రేషన్ కార్డు, నంబర్ ప్లేటూ పంపించాడు. ఆ అవతారంతో అది ఎలా పాసయిందో నాకు తెలియదు. మొత్తానికి రోడ్డెక్కకుండా ఉండటానికి ఆ బండికి ఒక్క సాకు కూడా మిగల్చలేదు నేను. అది దాని సాకు కాదని, మామయ్యదని నాకు తర్వాత గానీ తెలియలేదు.

అత్తయ్య మంగళవారం దిగింది. శుక్రవారం ఆరాధన అయ్యాక గ్యారేజీకి రమ్మని పాస్టరు గారినీ, సంఘంలో దగ్గరివాళ్ళనీ పిలిచాను. గురువారం సాయంత్రం గ్యారేజీ కట్టేశాక, చివరిసారి చూద్దామని చాచా ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఆ చప్పుడికి పక్క షెడ్డు మీది పావురాలన్నీ లేచిపోయాయి. చప్పుడు తగ్గాక వెనక్కి తిరిగి చూస్తే మామయ్య నిలబడి ఉన్నాడు. టిఫిన్ డబ్బా మరిచిపోయి దానికోసం వచ్చాడట. నేను చప్పట్లు కొడుతూ ఎదురెళ్ళాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. చాచా ఇంజన్ ఆపేసి, చెయ్యి తుడుచుకుంటూ మెల్లగా జారుకున్నాడు.

“ఎవర్నడిగి చేసేవే ఇది?” అన్నాడు మామయ్య.

“నీకోసమే మామయ్యా. రేపు పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తారు. తర్వాత అత్తయ్యని ఎక్కించుకుని సముద్రం దాకా ఒక రౌండు…”

“రేపా? అందరికీ చెప్పేసేవా?”

“చెప్పేశాను.”

ఆయన పక్కనున్న పాత టైరు మీద కూలబడ్డాడు. “నాకు లైసెన్సు లేదే” అన్నాడు.

“రెన్యువల్ చేయించలేదా? దానికేం, ఆన్‌లైన్‌లో…”

“అసలెప్పుడూ లేదు.”

తర్వాత ఆయన చెప్పిందంతా నేను నిలబడే విన్నాను, కూర్చోవడానికి కూడా తోచలేదు. బండి నడపడం రాక కాదు. టెస్టులో పక్క సీట్లో పోలీసు కూర్చోగానే చేతులు వణికిపోయేవట, రౌండెబౌట్ దగ్గర కాళ్ళు బిగుసుకుపోయేవట. ఎన్నిసార్లు వెళ్ళాడో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆఖరిసారి చర్చిలో ప్రార్థన కోరుకున్నాడు. సంఘమంతా ఒక రోజు ఉపవాసం ఉంది. అయినా ఫెయిలయ్యాడు.

“శుక్రవారం ఆరాధనలో అయ్యగారు మైకులో, బ్రదర్ రత్నం, దేవుడు చేసిన కార్యం లేచి చెప్పండన్నారే. పాసయ్యేవా అని అడిగినా బాగుండును. పసిపిల్లల తల్లులు కూడా నాకోసం పస్తున్నారు. నేను ఫెయిలయ్యేనంటే ఆళ్ళ ప్రార్థన ఫెయిలయినట్టే కదా. లేచేను. స్తోత్రం అని నోట్లోంచి వచ్చేసింది. చప్పట్లు కొట్టేసేరు. ఆ సాయంత్రానికే ఎవరో ఊళ్ళో మీ అత్తకి కూడా చెప్పేసేరు.”

“మరి ఇన్నేళ్ళూ…”

“పాగల్ ఉంది కదా. అది బాగయ్యేక నడుపుతానని చెప్పుకుంటా లాక్కొచ్చేను. అదెలాగూ బాగవ్వదని నా ధైర్యం.”

నేను నడుపుతాను మామయ్యా అంటే, “నాకు లైసెన్సుంటే నువ్వెందుకు నడుపుతావే? అందరూ అదే అడుగుతారు” అన్నాడు. తనే నడిపి రోడ్డు మీద పట్టుబడితే వీసా ఖలాస్, సీదా ఇంటికే అన్నాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. టిఫిన్ డబ్బా తీసుకుని, బండి వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. భోజనాల దగ్గర నేను పంచిన లడ్డూలు, వేసిన ప్రశ్న గుర్తొచ్చి నామీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున్నే నేను గ్యారేజీకి వెళ్ళి బానెట్ ఎత్తాను. ఇంజన్‌కి నిప్పు అందించే లావుపాటి నల్ల వైరు ఒకటి ఉంటుంది, జానెడు పొడుగు. అది పీకి నా హ్యాండ్‌బ్యాగులో బైబిల్ పక్కన పెట్టుకున్నాను. బండి స్టార్ట్ కాదు, పాత బండి కదా అని అందరూ సర్దుకుంటారు, మామయ్య గౌరవం నిలబడుతుంది. ఎవరికీ చెప్పలేదు, మామయ్యకి కూడా. ఎంత తెలివైనదాన్నో అనుకుంటూ ఆరాధనకి వెళ్ళి, అందరికంటే గట్టిగా పాటలు పాడాను.

మధ్యాహ్నం అందరూ వచ్చారు. చాచా జుమ్మా నమాజుకి వెళ్ళాడు. అత్తయ్య మావిడిచిగురు రంగు పట్టుచీర కట్టుకుని, తల మీదికి కొంగు లాక్కుని, బండి చుట్టూ తిరిగి తిరిగి చూసింది. “ఇంత పొట్టిగా ఉందేంటండీ, తల తగలదూ?” అని నవ్వింది. పాస్టరు గారు ప్రార్థన చేసి తాళం మామయ్య చేతికిచ్చారు. అత్తయ్య పక్కన ఎక్కి కూర్చుంది. మామయ్య తెల్ల చొక్కా వీపున తడిసిపోయింది. తాళం తిప్పాడు. గిర్రుమని తిరిగింది గానీ అంటుకోలేదు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంతే. ఆయన భుజాలు ఒక్కసారిగా సడలడం నేను వెనకనుంచి చూశాను. నా ఆనందానికి అవధులు లేవు.

పాస్టరు గారు వెనక్కి తగ్గే మనిషి కాదు. “సాతాను అడ్డం పడుతున్నాడు. అందరూ బండి మీద చేతులుంచండి, స్టార్ట్ అయ్యేదాకా ప్రార్థన చేద్దాం” అన్నారు. అందరూ చుట్టూ చేరి ఎర్ర రేకు మీద చేతులు పెట్టారు, చంకల్లో ఉన్న పిల్లల చేతులు కూడా పెట్టించారు. గొంతులు లేచాయి. అత్తయ్య సీట్లోనే కళ్ళు మూసుకుని, “ప్రభువా, నా భర్త ఇన్నేళ్ళ ఆశ” అంటూ ఏడుస్తోంది. నేనూ చెయ్యి పెట్టక తప్పలేదు. ఆ చేతి భుజానికే బ్యాగు వేలాడుతోంది. అందులో వైరు ఉండగా అంతమంది కన్నీళ్ళతో దేవుణ్ణి బతిమాలుతుంటే, నేల చీలితే దూకేద్దును అనిపించింది.

మామయ్య దిగి వచ్చి బానెట్ ఎత్తాడు. ఒక్క చూపు చాలింది ఆయనకి. వైరు ఉండాల్సిన చోట చూశాడు, తలెత్తి నన్ను చూశాడు. నేను కళ్ళు దించుకున్నాను. వైరు కాలిపోయిందనో, ఎలకలు కొట్టేశాయనో ఒక్క మాట అంటే చాలు, గండం గడిచిపోయేది. ఆయన ఆ మాట కోసమే నోరు తెరిచాడని ఇప్పటికీ నా నమ్మకం. కానీ వెనక ప్రార్థన ఇంకా ఇంకా పెద్దదవుతోంది. ఒకావిడ మోకాళ్ళ మీద ఇసకలో కూర్చుండిపోయింది.

“ఆపండి అయ్యగారూ” అన్నాడు మామయ్య. ఎవరికీ వినపడలేదు. “ఆపండి!” అని అరిచాడు. ఆయన అరవగా నేను వినడం అదే మొదటిసారి.

“బండిలో తప్పు లేదండీ. తప్పు నాది. నాకు లైసెన్సు లేదండీ, ఎప్పుడూ లేదు. ఆ రోజు మీరందరూ ఉపవాసం ఉంటే నేను చెప్పింది అబద్ధం సాక్ష్యం అండీ.”

అందరికంటే ముందు అత్తయ్య మాట్లాడింది. బండిలోంచి దిగకుండానే, “మరి డ్రైవింగ్‌లో ఉన్నానని ఫోన్ పెట్టేసేవారు కదండీ?” అంది. ఎవరో కిసుక్కుమన్నారు. మామయ్య రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అత్తయ్య చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, “నేనేమన్నా పోలీసునా, నాతో చెప్పకుండా ఉండటానికి?” అని మళ్ళీ అంది.

పాస్టరు గారు వెళ్ళి మామయ్యని గట్టిగా వాటేసుకున్నారు. తర్వాత మావైపు తిరిగి, కళ్ళు తుడుచుకుంటూ, “చూశారా? ఈ మనిషి నోట నిజం పలికించడానికి దేవుడే ఈ ఇంజన్ని ఆపాడు” అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. మామయ్య ఆయన భుజం మీదనుంచి నావైపు చూశాడు. అప్పుడు చెప్పాల్సింది నేను. బ్యాగు జిప్పు మీద చెయ్యి కూడా వేశాను. ఇసకలో మోకాళ్ళూనిన ఆవిడ మొహం వెలిగిపోతోంది. జిప్పు వదిలేసి నేను కూడా ఆమేన్ అన్నాను. మామయ్య నా సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ రోజుకీ, ఆ తర్వాతకీ.

అందరూ వెళ్ళిపోయారు. మామయ్యా అత్తయ్యా బస్సు స్టాపు వైపు ఒకరి వెనక ఒకరు నడిచి వెళ్ళారు. నేను వైరు తీసి దాని చోట పెట్టి తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే అంటుకుంది. ఎవరైనా వింటారేమోనన్న భయంతో వెంటనే ఆపేశాను.

అత్తయ్య రెండు రోజులు మూతి ముడుచుకుంది, మూడో రోజుకి నవ్వేసింది. ఉన్నన్ని రోజులూ మామయ్య ఆవిడని బస్సుల్లోనే అంతా తిప్పాడు. బస్సెక్కితే డ్రైవర్ దగ్గరికి పోకుండా, ఆవిడ పక్కనే కూర్చుని కిటికీలోంచి ఇవీ అవీ చూపించేవాడట. పాగల్ తాళం ఆ అరబ్ యజమానికే తిరిగి ఇచ్చేసి, మరుసటి ఏడాది మామయ్య ఊరికి వెళ్ళిపోయాడు. ఇప్పుడిక్కడ సెలవు శనాదివారాలకి మారింది, ఆరాధన కూడా ఆదివారమే. చాచా పెషావర్ వెళ్ళిపోయాడు. ఆ ఇసక స్థలంలో గోడౌన్ కట్టారు. అప్పట్లో ఒక గదిలో ఐదుగురం పడుకుని, ఒకరి ఊపిరి ఒకరికి తగులుతూ కూడా ఇన్ని దాచుకున్నాం. ఇప్పుడు మేడం గారింట్లో నాకంటూ వేరే గది ఉంది, తలుపుకి గడియ ఉంది. ఆ గదిలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు కూడా ఆ వైరు సంగతి పైకి అనుకోవడానికి మొహం చెల్లదు.

పోయినసారి సెలవు మీద ఊరెళ్ళినప్పుడు అత్తయ్య నన్ను చర్చికి తీసుకెళ్ళింది. సాక్ష్యాల వేళ ఆవిడే లేచింది. ఆ కథ అక్కడ అందరికీ కంఠతా వచ్చినట్టుంది, అయినా మళ్ళీ కొత్తగా వింటున్నట్టు విన్నారు. “బంగారం లాంటి ఇంజనండీ, అప్పటిదాకా బాగానే ఉంది. మా ఆయన చెయ్యి పెట్టగానే దేవుడు ఆపేసేడు. మనం దాచుకున్నది ఆయన దగ్గర దాగదండీ. ఇదిగో, మా మేనకోడలు. అక్కడే ఉంది, కళ్ళారా చూసింది. లేచి చెప్పమ్మా.”

లేచాను. ఆడవాళ్ళందరూ నావైపు తిరిగారు. ముందు వరసలో మస్కట్‌లో కొడుకున్న ముసలావిడ అప్పుడే కళ్ళు ఒత్తుకుంటోంది. మగవాళ్ళ వైపు మామయ్య చేతుల్లోకి చూసుకుంటూ కూర్చున్నాడు. స్తోత్రం అన్నాను. చప్పట్లు కొట్టారు.

ఆరాధన అయ్యాక బయట చెప్పుల దగ్గర మామయ్య నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, నా మొహం చూడకుండానే మెల్లగా అన్నాడు.

“నేను కూడా ఆ ఒక్క మాటేనే అన్నాను.”